తొక్కుడుబిళ్ళ నేర్పే చదువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, సర్వసభ్య సమావేశానికి ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోను చేసి, "మీ ఉద్యోగం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి, పిల్లలకు ఉపయోగపడుతుంది" అన్నారు. నేను థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో కంట్రోల్ ఇంజనీరుని. బాయిలరు, టర్బైను అదుపు తప్పకుండా చూసే యంత్రాంగం నా పని. దాని గురించి తప్పకుండా చెబుతాను. కాకపోతే పిల్లల ఆటల మీదుగా చెబుతాను. కారణం మీకు తెలుసు. ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశం ముందుకు ఒక తీర్మానం వస్తోంది. స్వర్ణోత్సవ నిధితో కట్టే ఆరు గదుల భవనం ఎక్కడ కట్టాలి అన్నది విషయం. గ్రౌండులో దక్షిణం వైపు కడదామని ఒక ప్రతిపాదన ఉంది. అక్కడ కడితే గ్రౌండు సగానికి సగం పోతుంది.

గదులు కావాలి. వానాకాలంలో రెండు సెక్షన్లు వరండాలో కూర్చుంటున్నాయి. గదులు వద్దనేవారు ఈ సభలో ఎవరూ లేరు, నేనూ వద్దనను. అయితే ఈ చర్చలో పదే పదే ఒక మాట వింటున్నాను: "ఆ స్థలం ఖాళీగానే ఉంది కదండీ!" ఆ ఖాళీ స్థలంలో రోజూ ఏం జరుగుతోందో ఒక ఇంజనీరు కళ్ళతో చూసి చెప్పడమే ఈ ప్రసంగం. విన్న తర్వాత నిర్ణయం మీది.

ముందు చాలా మామూలు విషయంతో మొదలుపెడతాను. నిలబడటం. మనిషి నిలబడటం తేలికైన పని అనుకుంటాం. చిన్నప్పుడు కర్రను అరచేతి మీద నిలబెట్టి ఆడాం కదా. కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు జరపాలి. ఒక్క క్షణం ఏమరితే కింద పడుతుంది. మన శరీరమూ అలాంటి కర్రే. బరువంతా పైన, ఆధారం చూస్తే కింద రెండు పాదాలంత చోటు. కదలకుండా నిలబడ్డాం అనుకున్నప్పుడు కూడా మనం కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటాం. చీలమండల దగ్గర కండరాలు ఆ ఊగును సర్దుతూనే ఉంటాయి. నిలబడటం అంటే నిమిషం నిమిషం పడిపోబోతూ, నిమిషం నిమిషం సర్దుకోవడమే.

ఇప్పుడు నా బాయిలరు దగ్గరికి వస్తాను. బాయిలరు పైన ఒక పెద్ద డ్రమ్ము ఉంటుంది. అందులో నీటి మట్టం ఒక గీత దగ్గర ఉండాలి. తగ్గితే గొట్టాలు కాలిపోతాయి. పెరిగితే నీరు ఆవిరితో కలిసి టర్బైనులోకి వెళ్ళి దాన్ని దెబ్బతీస్తుంది. ఒక్క నీటి మట్టాన్ని చూస్తూ కూర్చుంటే చాలదు. ఎంత ఆవిరి బయటికి పోతోంది, ఎంత నీరు లోపలికి వస్తోంది, మట్టం ఎక్కడుంది అనే మూడు కొలతలను కలిపి చూసి వాల్వు తిప్పాలి. దీన్ని త్రీ ఎలిమెంట్ కంట్రోల్ అంటాం. ఏ ఒక్క కొలత తప్పుదారి పట్టించినా మిగతా రెండూ సరిచేస్తాయి.

మనిషి తూలకుండా ఉండటానికి దేవుడో ప్రకృతో పెట్టిన ఏర్పాటు కూడా మూడు కొలతలదే. మొదటిది కన్ను. చుట్టూ ఉన్న గోడలూ చెట్లూ నిటారుగా ఉన్నాయా, ఒరిగాయా అని చూసి చెబుతుంది. రెండోది చెవి లోపల ఉండే అర్ధవర్తుల కుల్యలు. బయాలజీ మాస్టారు బొమ్మ వేయించింది గుర్తుందా? మూడు కుల్యలు, ఒకదానికొకటి అడ్డంగా. వాటిలో ద్రవం ఉంటుంది. తల ఎటు తిరిగితే ఆ వైపు కుల్యలో ద్రవం కదిలి కబురు పంపుతుంది. మూడోది కండరాల్లో, కీళ్ళలో, అరికాలి చర్మంలో ఉన్న సెన్సర్లు. మోకాలు ఎంత వంగింది, బరువు మడమ మీద ఉందా, వేళ్ళ మీద ఉందా అన్న సంగతి చూడకుండానే మనకు తెలియడం వీటివల్లనే. ఈ మూడు కబుర్లనూ కలిపి, సరిపోల్చి, కండరాలకు అందించే ఆజ్ఞలను సరిదిద్దడంలో అనుమస్తిష్కానిది పెద్ద పాత్ర. పరిమాణంలో అది మెదడులో పదో వంతు. మెదడులోని న్యూరాన్లలో మాత్రం సగానికి పైగా అందులోనే ఉన్నాయి. ఈ పనికి ఎంత యంత్రాంగం కావాలో దీన్ని బట్టి ఊహించండి.

చూస్తారా? దయచేసి అందరూ ఒకసారి లేవండి. పెద్దవారు పక్కన కుర్చీ పట్టుకోండి. ఇప్పుడు ఒక కాలు కొంచెం ఎత్తండి. పర్వాలేదు, అందరూ బాగానే నిలబడ్డారు. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. ఆ, అదీ! మా బ్యాచి వాళ్ళు అప్పుడే కుర్చీలు పట్టుకున్నారు. కూర్చోండి, కూర్చోండి. మూడు కొలతల్లో ఒక్కటి తీసేస్తే చీలమండ ఎంత గబగబా అటూ ఇటూ కొట్టుకుందో చూశారు కదా.

ఈ యంత్రాంగం పుట్టుకతోనే సిద్ధంగా రాదు. భాగాలు వస్తాయి, వాటిని కలిపి నడిపే నేర్పు రాదు. హోండా కంపెనీ 1986లో నడిచే రోబో మీద పరిశోధన మొదలుపెట్టింది. అసిమో అనే రోబోను లోకానికి చూపించింది 2000లో. పద్నాలుగేళ్ళు, ఎందరో ఇంజనీర్లు. మన ఇంట్లో పసిపిల్ల అదే పనిని ఏడాది, ఏడాదిన్నరలో చేస్తుంది. ఎలా చేస్తుంది? పడి చేస్తుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. 12 నుంచి 19 నెలల పిల్లల్ని ఆడుకోనిచ్చి లెక్కపెట్టారు. గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకు పదిహేడు సార్లు! పడ్డ ప్రతిసారీ లోపల ఏదో ఒకటి సర్దుకుంటుంది.

మా వృత్తిలో దీనికి సరిగ్గా సరిపోయే పద్ధతి ఉంది. కొత్త కంట్రోలరు బిగించాక అది సరిగా పనిచేస్తుందో లేదో ప్లాంటు నిలకడగా ఉన్నప్పుడు తెలియదు. కావాలనే చిన్న కుదుపు ఇస్తాం. వాల్వును కొద్దిగా కదిపి, కంట్రోలరు ఎంత త్వరగా, ఎంత మెత్తగా సర్దుకుంటుందో చూసి, దాన్ని బట్టి సవరిస్తాం. దీన్ని బంప్ టెస్ట్ అంటాం. కుదుపు మరీ పెద్దదైతే ప్లాంటు ఆగిపోతుంది. అసలు కుదుపే లేకపోతే సవరించడానికి ఆధారమే ఉండదు. పిల్లల శరీరానికి కావలసింది కూడా అదే. ప్రమాదం కాని కుదుపులు, రకరకాలుగా, వేల సార్లు. ఆట అంటే అది. ఆటస్థలం అంటే అలాంటి కుదుపులు దొరికే చోటు.

మన ఆటలనే తీసుకోండి. తొక్కుడుబిళ్ళలో అమ్మాయి గళ్ళు గీసి, పెంకుముక్క విసిరి, ఒంటికాలి మీద గెంతుతూ ఆ కాలితోనే బిళ్ళను తరువాతి గడిలోకి నెట్టాలి. గీత తొక్కకూడదు, రెండో కాలు దించకూడదు. ఒక్కో గెంతుకి శరీరమంతా ఒకే పాదం మీద దిగుతుంది. దిగిన వెంటనే ఆగాలి. ఆగుతూనే తరువాతి గెంతుకి ఎంత బలం కావాలో లెక్క కట్టాలి. గడి చిన్నదైతే తక్కువ, దాటాల్సిన గడి ఉంటే ఎక్కువ. తుంటి, మోకాలు, చీలమండ మూడింటి కండరాలూ ఒక వరసలో పనిచేయాలి. ఈ రోజు ఫిజియోథెరపీ గదిలో ఒంటికాలి గెంతులు చేయించడానికి డబ్బు కడుతున్నాం. మన చెల్లెళ్ళు ఒక పెంకుముక్కతో అదే పని చేశారు.

ఒప్పులకుప్ప చూడండి. ఇద్దరు చేతులు పెనవేసి, వెనక్కి వాలి, గిర్రున తిరుగుతారు. ఒకరి బరువుకి ఇంకొకరి బరువు కాటా. ఒకరు ముందుగా వదిలితే ఇద్దరూ పడతారు. ఆగగానే లోకం తిరుగుతున్నట్టు ఉంటుంది. మనిషి ఆగినా కుల్యల్లో ద్రవం ఇంకా కాసేపు కదులుతూనే ఉండటం వల్ల అది. కన్ను ఆగాం అంటుంది, చెవి తిరుగుతున్నాం అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో మెదడు తేల్చుకోవాలి. పిల్లలు నవ్వుకుంటూ మళ్ళీ మళ్ళీ తిరిగేది ఆ తగువు తీర్చడం నేర్చుకోవడానికేనేమో అనిపిస్తుంది నాకు.

నేలా-బండా ఆటలో అరుగు మీది నుంచి కిందికి దూకాలి, దొంగ వచ్చేలోగా మళ్ళీ ఎక్కాలి. ఎత్తు నుంచి దూకేటప్పుడు మోకాళ్ళు వంచి దిగడం ఎవరూ పాఠం చెప్పి నేర్పలేదు. వంచకపోతే అదురు నడినెత్తికి తగిలి తెలిసింది. అలాంటి దెబ్బలు తగిలించుకున్న ఎముకే గట్టిపడుతుంది కూడా. కోతికొమ్మచ్చిలో ఈ కొమ్మ నా బరువు ఆపుతుందా, ఆ కొమ్మ చేతికి అందుతుందా అని తన శరీరం కొలత తనకు తెలుస్తుంది. పట్టు బిగుస్తుంది. భుజాలు గట్టిపడతాయి.

ఏడుపెంకులాటలో బంతి విసరడం, తప్పించుకోవడం, పట్టుకోవడం ఉన్నాయి. బంతి పట్టుకోవడం గురించి ఒక మాట. కన్ను చూసిన దానికి చెయ్యి కదలడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ లోపల బంతి ముందుకు వెళ్ళిపోతుంది. కనుక బంతి ఉన్న చోటికి చెయ్యి పెడితే ఎప్పటికీ దొరకదు. ఉండబోయే చోటికి పెట్టాలి. ఆవిరి ఎంత పోతోందో ముందే చూసి, మట్టం తగ్గకముందే నీటి వాల్వు తెరవడం లాంటిది ఇది. దీన్ని ఫీడ్ ఫార్వర్డ్ అంటాం. ఏడేళ్ళ కుర్రాడు వందల బంతులు వదిలేసి ఈ లెక్క నేర్చుకుంటాడు. వదిలేసిన బంతులే అతని పాఠాలు.

ఇక మన బడికి పేరు తెచ్చిన ఖోఖో. వెంటాడేవాడు ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. పరుగెత్తేవాడు ఎటైనా తిరగవచ్చు. పూర్తి వేగంలో ఉండి ఒక్క అడుగులో ఆగి, పక్కకి మళ్ళాలి. గొంతుకూర్చుని ఉన్నవాడు "ఖో" వినగానే లేచి దూసుకుపోవాలి. ఒక్క మైదానం, రెండు కర్రలు తప్ప ఖర్చు లేని ఆట. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగితే పురుషుల కప్పూ, మహిళల కప్పూ రెండూ మన దేశమే గెలిచింది.

చేతివేళ్ళకూ ఆటలున్నాయి. గోళీ గురిచూసి కొట్టడం, బొంగరానికి తాడు చుట్టి విసరడం, అచ్చనగిల్లలు ఎగరేసి కింద ఉన్నవాటిని ఏరుకుని పైది పట్టుకోవడం. పెన్సిలు పట్టే వేళ్ళకు బలమూ, ఒడుపూ అక్కడినుంచే వస్తాయి. పెద్ద కండరాలు నిలకడగా ఉంటేనే చిన్న కండరాలు పనిచేస్తాయి. నడుము నిలవని పిల్లవాడికి బల్ల మీద కూర్చుని రాయడమే అలసట.

ఏ వయసుకి ఏది అని తల్లిదండ్రులు అడుగుతారు. సుమారు లెక్క చెబుతాను. మూడేళ్ళకు ఒంటికాలి మీద రెండు మూడు సెకన్లు నిలుస్తారు. నాలుగేళ్ళకు ఒంటికాలితో గెంతగలరు. అయిదారేళ్ళకు పది సెకన్ల దాకా నిలుస్తారు, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవగలరు. చిన్న పిల్లలు తూలకుండా ఉండటానికి కంటి మీదే ఎక్కువ ఆధారపడతారు. మూడు కొలతలనూ పెద్దవాళ్ళలా కలిపి వాడటం ప్రాథమిక పాఠశాల వయసులో మెల్లగా కుదురుతుంది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఉన్న ఆ ఏళ్ళే దీనికి అసలైన ఏళ్ళు. గోడ అవతలి ప్రాథమిక పాఠశాల పిల్లలకు వేరే ఆటస్థలం లేదన్న సంగతి ఇక్కడ గుర్తు చేస్తున్నాను. వాళ్ళు ఆడేది మన గ్రౌండులోనే.

హైస్కూలు పిల్లలకు ఇంకో అవసరం ఉంది. అమ్మాయిలు పదకొండు, పన్నెండేళ్ళ దగ్గర, అబ్బాయిలు పదమూడు, పద్నాలుగేళ్ళ దగ్గర ఒక్కసారిగా పొడవు పెరుగుతారు. ఆ జోరులో ఏడాదికి 8, 9 సెంటీమీటర్లు పెరిగేవాళ్ళున్నారు. కాళ్ళు చేతులు పొడవయ్యాయి, పాత లెక్కలు పనికిరావు. ఆ వయసులో గ్లాసులు తన్నుకోవడం, గడపలు తగలడం మామూలే. "పెరిగావు గానీ కుదురు లేదు" అని ఇంట్లో తిడతారు. ప్లాంటులో పైపులు మారిస్తే కంట్రోలరును మళ్ళీ సవరిస్తాం కదా! పిల్లవాడికీ మళ్ళీ సవరణ కావాలి. అంటే మళ్ళీ ఆటే కావాలి. సరిగ్గా ఆ తరగతుల్లోనే మనం డ్రిల్లు పీరియడు తీసి లెక్కలకు ఇస్తున్నాం.

పాదాల గురించి ఒక చక్కటి అధ్యయనం మన దేశంలోనే జరిగింది. 1992లో ప్రచురించారు. 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీశారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి, వట్టికాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. చదును పాదాలున్న పిల్లల్లో చాలామందికి నొప్పీ ఉండదు, భయపడాల్సిందీ లేదు. చెప్పులు మానేయమని కూడా నేను చెప్పడం లేదు, గాజుపెంకులూ ముళ్ళూ ఉన్న చోట చెప్పులు ఉండాల్సిందే. కానీ శుభ్రమైన మట్టినేల మీద వట్టికాళ్ళతో ఆడే గంట పాదానికి మేలు చేస్తుందన్నది ఇందులో తెలుస్తుంది. మట్టి ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. గరుకు, మెత్తన, పల్లం, మిట్ట. అరికాలికి అది వేరువేరు కబుర్లు పంపుతుంది. సిమెంటు గచ్చు ఎక్కడ తొక్కినా ఒకే కబురు పంపుతుంది.

ఇప్పుడు మనసుకు కష్టం కలిగించే విషయం. ప్రతి బడిలో కొందరు పిల్లలుంటారు. బంతి చేతిలో నిలవదు, బొత్తాలు పెట్టుకోవడం ఆలస్యం, పరుగెత్తితే పడతారు. తెలివితక్కువ కాదు, సోమరితనం కాదు. దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. బడి వయసు పిల్లల్లో 5, 6 శాతం మందికి ఇది ఉంటుందని వైద్యుల లెక్క. నలభై మంది తరగతిలో ఇద్దరు. వాళ్ళను మనం "మొద్దు" అన్నాం, "తొట్టి" అన్నాం. జట్లు ఎంచుకునేటప్పుడు చివరిదాకా మిగిలేది వాళ్ళే. ఆటలోకి తీసుకోరు కాబట్టి అలవాటు రాదు, అలవాటు రాదు కాబట్టి ఆటలోకి తీసుకోరు. మా భాషలో ఇది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. పేరు బాగుంది గానీ ప్లాంటును కూల్చేది అదే. ఈ చుట్టు తెగాలంటే పందెం లేని ఆటకి, తన వేగంలో తాను చేసుకునే ఆటకి చోటుండాలి. గ్రౌండు కుదించుకుపోయినప్పుడు ఉన్న చోటును బలమైనవాళ్ళు ఆక్రమిస్తారు. మొదట బయటికి పోయేది ఈ ఇద్దరు పిల్లలే. వాళ్ళ తరువాత అమ్మాయిలు.

అమ్మాయిల సంగతి లెక్కలతోనే చెబుతాను. 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల శారీరక శ్రమ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2016 నాటి లెక్కలు కట్టారు. ప్రపంచం మొత్తం మీద 81 శాతం మందికి చాలినంత కదలిక లేదు. అబ్బాయిల్లో ఇది 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. మన బడిలో ఏడో తరగతి దాకా తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గ్రౌండు అంచున వేపచెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చుంటోంది. ఎవరూ ఆడవద్దని చెప్పలేదు. చోటు ఉంటే కదా ఆడటానికి! అబ్బాయిల క్రికెట్టు బంతి ఎటునుంచి వస్తుందో తెలియని గ్రౌండులో ఆ పిల్ల ఎక్కడ గెంతుతుంది? ఉన్నది సగానికి తగ్గితే అంచు కూడా మిగలదు.

అదే సంస్థ 2020లో ఇచ్చిన సూచన ఏమిటంటే, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలి. వారానికి కనీసం మూడు రోజులు కండరాలకూ ఎముకలకూ బలాన్నిచ్చే పని ఉండాలి. మన పిల్లల రోజు చూడండి. ఆటోలో బడికి, బడిలో బల్ల, ఆటోలో ఇంటికి, ట్యూషను, ఫోను. ఆ అరవై నిమిషాలు దొరికే అవకాశం ఉన్నది బడిలోనే.

"మరి మార్కులో?" అని అడుగుతారు, అడగాలి కూడా. ఆడితే మార్కులు పెరుగుతాయని ఇక్కడ నిలబడి హామీ ఇవ్వను. ఉన్న సంగతి చెబుతాను. అమెరికాలోని సి.డి.సి. 2010లో 50 అధ్యయనాలను దగ్గర పెట్టుకుని పరిశీలించింది. బడిలో వ్యాయామానికీ చదువుకూ ఉన్న సంబంధాల్లో సుమారు సగం మేలు చేసేవిగా, దాదాపు మిగతా అన్నీ మేలూ కీడూ లేనివిగా తేలాయి. కీడు చేసినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అంటే డ్రిల్లు పీరియడు లాక్కుని లెక్కలు చెప్పినందువల్ల మనకు దక్కుతున్నదేమీ లేదు. పోతున్నది మాత్రం ఉంది.

చట్టం మాట కూడా ఒకటి. 2009 విద్యాహక్కు చట్టం బడి భవనానికి ఉండవలసిన వాటిలో ఆటస్థలాన్ని చేర్చింది. 2023లో హర్యానాలో ఒక బడి స్థలం ఆక్రమణ కేసు విచారిస్తూ, ఆటస్థలం లేని బడి ఉండరాదని సుప్రీంకోర్టు అంది. మనది ఆక్రమణ కాదు, మంచి పనే. కానీ పిల్లవాడి పాదానికి ఆ తేడా తెలియదు.

ఇక నా ప్రతిపాదన. నేను సివిల్ ఇంజనీరుని కాదు. మన సంఘంలోనే ఉన్న ఇద్దరు సివిల్ ఇంజనీరు మిత్రులను తీసుకెళ్ళి నిన్న ఆవరణంతా చూపించాను. పాత బ్లాకు మీద అంతస్తు వేయడం కుదరదన్నారు. అది ఇటుక గోడల మీద నిలిచిన కట్టడం, బరువు మోయదు. ఉత్తరం వైపు వాడకం లేకుండా పడి ఉన్న పెంకుటింటి షెడ్డును తీసేసి, అక్కడ కింద రెండు గదులు, పైన రెండు అంతస్తుల్లో నాలుగు గదులు కట్టవచ్చన్నారు. దీనివల్ల నష్టం దాచను. పాత షెడ్డు పడగొట్టడం, లోతైన పునాది, మెట్లు కలిపి ఖర్చు పెరుగుతుంది. పని కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. ఇంకో వానాకాలం రెండు సెక్షన్లు వరండాలోనే గడపాల్సి రావచ్చు. అది చిన్న కష్టం కాదు. అయినా భవనం ఆలస్యమైతే వచ్చే ఏడు పూర్తవుతుంది. గ్రౌండు ఒకసారి పోతే తిరిగి రాదు. పెరిగే ఖర్చులో కొంత భారం మా 1984 బ్యాచి మోస్తుందని మిత్రులందరి తరఫున మాట ఇస్తున్నాను.

దానితో పాటు, దాదాపు ఖర్చు లేని నాలుగు పనులు చెబుతాను. ఒకటి, వరండా పక్కన తొక్కుడుబిళ్ళ గళ్ళు చెరగని రంగుతో గీయిద్దాం. రెండు, పాత లారీ టైర్లు సగం పాతి వరసగా పెడదాం, దూకడానికీ నడవడానికీ పనికొస్తాయి. వాటి పక్కన ఇసుక పోసి, జానెడు ఎత్తులో ఒక చెక్క దూలం వేద్దాం. పడినా ఇసుకలోనే పడతారు. మూడు, వేపచెట్టు వైపు భాగాన్ని బ్యాటూ బంతీ రాని చోటుగా గీత గీసి, అమ్మాయిలకూ చిన్నపిల్లలకూ కేటాయించమని ప్రధానోపాధ్యాయులను కోరదాం. పక్కనే నీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే వాళ్ళు మానకుండా వస్తారు. చక్రాల కుర్చీ వెళ్ళేలా ఒక గట్టి బాట కూడా వేద్దాం, కాలు కదలని పిల్లవాడికీ బంతి విసిరే చెయ్యి ఉంటుంది. నాలుగు, డ్రిల్లు పీరియడును డ్రిల్లు మాస్టారికే వదిలేయమని గురువులను చేతులు జోడించి అడుగుదాం, పదో తరగతికి కూడా.

ఇళ్ళల్లో మనం చేయగలిగినవీ ఉన్నాయి. మనవలు, మనవరాళ్ళు ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. పసిపిల్లను ఎప్పుడూ చంకలోనో వాకర్లోనో ఉంచకుండా నేల మీద వదలండి. అయిదేళ్ళ పిల్ల పిట్టగోడ అంచు మీద నడుస్తానంటే, అది ఎత్తు తక్కువదైతే, పక్కన నడవండి, చెయ్యి పట్టుకోకండి. పడితే "అయ్యో" అని పరుగెత్తేముందు ఒక్క క్షణం ఆగి చూడండి. చాలాసార్లు లేచి దులుపుకుంటుంది. కింద పడటం తెలిసిన పిల్లకు పెద్ద దెబ్బ తగిలే అవకాశం తక్కువ.

ఈ బడి నాకు భౌతికశాస్త్రం నేర్పింది, దానితోనే అన్నం తిన్నాను. ఆ తరగతి గదికి నేను ఎంత రుణపడ్డానో దక్షిణం వైపు ఆ మట్టికీ అంతే రుణపడ్డాను. మధ్యాహ్నం చేతులెత్తే ముందు ఒకసారి గ్రౌండులోకి వెళ్ళి చూడండి. ఆదివారమైనా అక్కడ పిల్లలుంటారు. చెప్పులు వరుసగా గోడ పక్కన విడిచి ఉంటాయి. ఆ చెప్పుల జతలు లెక్కపెట్టి, ఆ తరువాత ఓటు వేయండి.